పంపాస్‌లో కోతల టైమ్‌కి వెళ్తున్నారా? ఈ జ్వరం గురించి ముందే తెలుసుకోండి

పంపాస్ అంటే అర్జెంటీనాలోని పెద్ద మైదానాలు. అక్కడ బ్యూనస్ ఐరెస్ ప్రావిన్సులో, జునీన్ సిటీకి దగ్గర్లో, ఓహిగ్గిన్స్ అని ఓ చిన్న ఊరుంది. ఎటు చూసినా బల్లపరుపు నేల, సోయా, మొక్కజొన్న, అంతే. 1950ల్లో ఆ చుట్టుపక్కల కోతలకెళ్ళిన కూలీలు జ్వరమొచ్చి, చిగుళ్ళ నుంచి రక్తం కారి చనిపోతుంటే ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు, 1958లో వైరస్ దొరికింది, జునీన్ వైరస్ అని పేరు పెట్టారు. జబ్బుని అర్జెంటీనా హెమరేజిక్ ఫీవర్, అంటే రక్తస్రావ జ్వరం అంటారు, దానికి ఓహిగ్గిన్స్ పేరు కూడా అంటుకుంది, పాపం ఆ ఊరు చేసిందేం లేదు.

విత్తనాల పని మీదో, అగ్రికల్చర్ చదువుకో అటు వెళ్ళేవాళ్ళు సీజన్ చూసుకోండి. సోయా, మొక్కజొన్న కోతలు మార్చిలో ఊపందుకుంటాయి, కేసులు ఎక్కువగా వచ్చేది మే నెలలో.

దీన్ని మోసేది ఇళ్ళల్లో తిరిగే ఎలుక కాదు, గట్ల మీద, కంచెల వెంట గడ్డిలో ఉండే చిన్న పొలం ఎలుక. దాని ఉచ్చ, ఉమ్మి ఎండిపోయి దుమ్ములో కలుస్తాయి, అది పీల్చినా, చేతుల మీద గీతల్లోంచి లోపలికెళ్ళినా చాలు. మన దగ్గర ఎలుక జ్వరం అంటామే, అది వేరే, అది బ్యాక్టీరియా, ఆ మాత్రలేవో వేసేసుకుందాం అనుకుంటే ఇక్కడ అస్సలు పనిచెయ్యవు.

అన్నిటికంటే ముందు టీకా. కాండిడ్ అంటారు, ఒక్క డోసే, ఆ ఏరియాలో 15 ఏళ్ళు దాటినవాళ్ళకి వేస్తారు, 2007 నుంచి ప్రభుత్వ టీకాల లిస్టులో ఉంది. కానీ వేయించుకున్న మర్నాడే పొలంలోకి దిగితే లాభం లేదు, పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, అందుకే కోతలకి బాగా ముందే అక్కడి హెల్త్ సెంటర్లో అడగండి. గర్భిణులకి ఇవ్వరు, ఇమ్యూనిటీ తక్కువున్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా వేయించుకోవద్దు.

పొలంలో బూట్లు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, గ్లవ్స్. మధ్యాహ్నం తినేసి గట్టు మీద గడ్డిలో నడుం వాల్చడం, గడ్డిపరక నోట్లో పెట్టుకు నమలడం, ఈ రెండూ మనోళ్ళకి బాగా అలవాటు, అక్కడ మానుకోండి. మూసున్న షెడ్డు తీస్తే ముందు గాలి ఆడనివ్వండి, తర్వాత బ్లీచ్ కలిపిన నీళ్ళతో నేల తడిపి అప్పుడు తుడవండి, పొడి చీపురుతో ఊడ్చారో ఆ దుమ్మంతా మీ ముక్కులోకే. పని బట్టలు అక్కడికక్కడే మార్చేసుకోండి. గుడ్లగూబలు కనిపిస్తే అపశకునం అని తరమకండి, ఆ ఎలుకల్ని తినేవి అవే.

జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు, కళ్ళ వెనక నొప్పి వస్తే ఫ్లూ అని పడుకోవద్దు, ఆస్పిరిన్ అసలే వద్దు, రక్తస్రావం పెరుగుతుంది. దీనికి వైద్యం కోలుకున్నవాళ్ళ ప్లాస్మా ఎక్కించడం, అది జ్వరం మొదలైన 8 రోజుల్లోపే పడాలి. వైద్యం లేకపోతే 100లో 15 నుంచి 30 మంది దాకా పోతారు, టైమ్‌కి ప్లాస్మా పడితే అది ఒకరికి తగ్గుతుంది, తేడా మీరే చూడండి. అదే ప్రావిన్సులోని పెర్గమినో సిటీలో ఇలాంటి వైరస్ జబ్బుల కోసం డాక్టర్ మైస్తెగీ పేరుతో ఒక ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడి డాక్టర్లందరికీ తెలిసిన జబ్బే.

ఇబ్బందంతా ఇండియా తిరిగొచ్చాక జ్వరం మొదలైతేనే. వైరస్ సోకాక బయటపడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, ప్లేట్‌లెట్లు కూడా పడిపోతాయి కాబట్టి హైదరాబాద్‌లో ఎవరైనా ముందు డెంగీ అనే అనుకుంటారు. అందుకని డాక్టర్ దగ్గర కూర్చోగానే ఫలానా చోట పొలాల్లో తిరిగొచ్చాను, ఫలానా తేదీల్లో అని మీరే చెప్పండి.