సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు అది దొంగబండో కాదో చూస్కోండి

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్ళేటప్పుడు అందరం చేసేది ఒకటే, తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్తాం. ఆయన బానెట్ ఎత్తి ఇంజిన్ సౌండ్ విని, కింద దూరి చూసి, ఒక రౌండ్ నడిపి "బండి సూపర్ ఉందన్నా, కళ్ళు మూస్కుని తీస్కో" అంటాడు. తప్పేం లేదు, కానీ దొంగబండి సంగతిలో ఆ మాట పనికిరాదు. దొంగ కూడా మంచి బండే ఎత్తుకెళ్తాడు కదండీ, పొగలు కక్కే డొక్కు బండిని ఎవడు ముట్టుకుంటాడు! కాబట్టి కండిషన్ చెకింగ్ వేరు, ఈ చెకింగ్ వేరు, ఇది మనమే చేస్కోవాలి.

ఎందుకింత చాదస్తం అంటే, చాలా దేశాల చట్టం ప్రకారం దొంగ అమ్మినా, దొంగ దగ్గర తెలియక కొన్నవాడు అమ్మినా, ఆ బండి అసలు ఓనర్‌దే. మీరు పూర్తి డబ్బు కట్టి ఏడాది నడిపినా సరే, ఒకరోజు చెకింగ్‌లో దొరికితే పోలీసులు బండి తీస్కెళ్ళిపోతారు, మీ డబ్బు కోసం అమ్మినవాణ్ణి మీరే వెతుక్కోవాలి, వాడు ఈపాటికి సిమ్ కార్డు మార్చేసి ఉంటాడు. పైగా మరీ తక్కువ రేటుకి కొంటే "అంత చీప్‌గా వస్తుంటే నీకు డౌట్ రాలేదా" అని తిరిగి మిమ్మల్నే అడుగుతారు.

ఇక అసలు విషయం ఛాసిస్ నంబర్, అంటే కంపెనీ ఒక్కో బండికి విడిగా ఇచ్చే గుర్తింపు నంబర్, విన్ నంబర్ అని కూడా అంటారు. ఇప్పటి కార్లకి ఇది 17 అక్షరాలు, అంకెలు కలిపి ఉంటుంది. ఇందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు అస్సలు రావు, ఒకటితోటి, సున్నాతోటి కన్‌ఫ్యూజ్ అవుతాయని వాటిని తీసేశారు. మీరు చూసే నంబర్లో వాటిల్లో ఏదైనా కనబడితే ఇంకేం ఆలోచించకుండా వచ్చేయండి. మొదటి అక్షరం తయారైన ప్రాంతాన్ని చెప్తుంది, జపాన్ అయితే జే, జర్మనీ అయితే డబుల్యూ అలా. చాలా కంపెనీలు పదో అక్షరంలో మోడల్ ఇయర్ పెడతాయి, 2010కి ఏ, 2018కి జే, 2020కి ఎల్. అన్ని దేశాల్లో ఇది కంపల్సరీ కాదు కాబట్టి అదొక్కటే పట్టుకుని గొడవపడకండి, కానీ అమ్మేవాడు 2020 బండి అంటుంటే అక్కడ జే ఉందంటే అడగాల్సిన ప్రశ్నే.

ఈ నంబర్ కార్లో ఒక్కచోటే ఉండదు, ఇదే మనకి ప్లస్ పాయింట్. ముందు అద్దం కింద డ్యాష్‌బోర్డ్ మీద ఓ మూల, డ్రైవర్ డోర్ తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్‌లో, బానెట్ కింద బాడీ మీద కొట్టి, కొన్ని మోడల్స్‌లో ముందు సీటు దగ్గర కార్పెట్ ఎత్తితే ఫ్లోర్ మీద. బండిని బట్టి ప్లేసులు మారతాయి, వెళ్ళేముందే ఆ మోడల్‌కి ఎక్కడెక్కడ ఉంటుందో చూస్కుని వెళ్ళండి. ఫోన్లో ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టి ఒక్కొక్క అక్షరం కలపండి, చివరి నాలుగు అంకెలు చూసి సరిపోయిందిలే అనుకోవద్దు. టార్చ్ వేసి అంకెలు చుట్టూ వేలు పెట్టి తడమండి. కంపెనీ కొట్టిన అంకెలు ఒకే లైన్లో, ఒకే లోతులో ఉంటాయి. చేత్తో కొట్టినవి కొంచెం వంకర పోతాయి, చుట్టూ గ్రైండింగ్ గీతలో, వెల్డింగ్ అతుకో, అక్కడికి మాత్రమే కొట్టిన కొత్త పెయింటో ఉంటుంది. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్తే ఇంకా మంచిది, ఇనప రేకు మీద పుట్టీ మందంగా పూసి ఉంటే అక్కడ అతుక్కోదు.

ఆన్‌లైన్‌లో నంబర్ కొట్టి "క్లీన్" అని వచ్చింది కదా అని చాలామంది ఆగిపోతారు. అక్కడే క్లోనింగ్ వాళ్ళు దెబ్బకొడతారు. వాళ్ళేం చేస్తారంటే దొంగిలించిన కారులాంటిదే ఇంకో కారు, అదే మోడల్, అదే కలర్, ఎక్కడో హాయిగా తిరుగుతున్నది చూస్తారు, దాని నంబర్ ప్లేటూ ఛాసిస్ నంబరూ కాపీ కొట్టి దొంగబండికి తగిలిస్తారు. అప్పుడు మీరు ఎన్ని సైట్లలో చూసినా క్లీనే వస్తుంది, ఎందుకంటే మీరు చూస్తున్నది ఎవరో పెద్దమనిషి నిజాయితీగా వాడుకుంటున్న కారు రికార్డు! దీన్ని పట్టుకోవాలంటే బండిలో వాళ్ళు మార్చడం మర్చిపోయే చోట్లు చూడాలి. సీటు బెల్టు పూర్తిగా లాగితే కింద చిన్న లేబుల్ ఉంటుంది, దానిమీద తయారైన డేట్ ఉంటుంది, అది బండి తయారైన టైముకి కాస్త ముందుగా ఉండాలి, కాగితంలో ఉన్న ఇయర్ తర్వాత డేట్ ఉంటే తేడా ఉన్నట్టే. కిటికీ అద్దాల మూలల్లో కూడా కోడ్‌లు ఉంటాయి, ఒక అద్దం పగిలి మార్చారంటే ఓకే, అన్నీ వేరేగా ఉంటే ఆలోచించాలి. చిన్న ఓబీడీ స్కానర్, అంటే కారు కంప్యూటర్‌లో ఏముందో చదివే పరికరం, పెడితే ఈమధ్య కార్లలో కంప్యూటర్ లోపల దాచుకున్న ఛాసిస్ నంబర్ కూడా కనిపిస్తుంది. అది బయట నంబర్‌తో కలవకపోతే కంప్యూటర్ ఎప్పుడు మార్చారో, బిల్లు ఏదో అడగండి. అలాగే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత సర్వీస్ హిస్టరీ తీయించండి, పోయిన నెల ఎక్కువ కిలోమీటర్లు చూపించిన బండి ఇవాళ మీ ముందు తక్కువ చూపిస్తోందంటే అవి రెండు వేరే బండ్లు అయ్యుండొచ్చు, లేదా మీటర్ తిప్పేసి ఉండొచ్చు, ఏదైనా మనకొద్దు.

తాళాలు అడగండి. రెండోది "ఎక్కడో పోయింది" అంటే నిజమే కావచ్చు కానీ డోర్ లాక్, స్టీరింగ్ కింద ప్లాస్టిక్, ఇగ్నిషన్ దగ్గర గీతలు, కొత్తగా మార్చిన పార్టులు ఉన్నాయేమో చూడండి. కీలెస్ బండ్లని, అంటే తాళం తిప్పకుండానే తెరుచుకుని స్టార్ట్ అయ్యేవాటిని, లాక్ పగలగొట్టకుండానే ఎత్తుకెళ్తారు కాబట్టి ఏ గీతా లేదంటే సేఫ్ అని కూడా కాదు.

మనిషిని చూడ్డం కూడా ముఖ్యమే, నాకైతే సగం డౌట్లు అక్కడే వస్తాయి. ఒకసారి నేనే ఒక కారు చూడ్డానికి వెళ్తే ముందు ఇంటికి రమ్మన్నాడు, దారిలో ఉండగా పార్కింగ్‌లో కలుద్దాం అన్నాడు, అక్కడికెళ్ళాక ఇంకో చోటు చెప్పాడు, కాగితాలు మా బావ పేరు మీద ఉన్నాయి ఆయన ఊళ్ళో లేడు అన్నాడు. బండి మాత్రం అద్దంలా ఉంది, రేటు చూస్తే నోరూరుతుంది. ఛాసిస్ నంబర్ ఫోటో తీస్కుంటా అనగానే మొహం మాడ్చుకున్నాడు, ఇంక నేను ఉండలేదు. కాగితంలో ఉన్న ఓనర్‌ని, ఆయన ఇంట్లోనే, ఐడీ కార్డుతో కలవండి. కాగితంలో అడ్రస్, ఇల్లు ఒకటేనా చూడండి. డూప్లికేట్ కాగితమో, కొన్ని నెలల్లోనే మూడు నాలుగు చేతులు మారిన బండో అయితే పాత ఓనర్లలో ఒకరికైనా ఫోన్ చెయ్యండి, నంబర్ మాత్రం అమ్మేవాడు ఇచ్చింది కాకుండా వేరే దారిలో సంపాదించుకోండి. "ఇంకో పార్టీ సాయంత్రం వస్తున్నాడు, అడ్వాన్స్ కొట్టండి" అంటే ఆ పార్టీకే ఇమ్మనండి.

డౌట్ గట్టిగా వస్తే వాడితో వాదించకండి, "ఇది దొంగబండా" అని మొహం మీద అడగడం అసలొద్దు, ఇంట్లో మాట్లాడి చెప్తా అని చెప్పి బయటపడండి, తర్వాత నంబర్ ప్లేట్, ఛాసిస్ నంబర్ ఫోటోలు పోలీసులకివ్వండి. ఇంటర్‌పోల్ దగ్గర కూడా దొంగిలించిన వాహనాల డేటాబేస్ ఉంది, వేరే దేశం నుంచి వచ్చిన బండి అయినా పోలీసులు అందులో చూడగలరు.

అన్నీ సరిపోయి కొనేస్తుంటే డబ్బు క్యాష్‌లో ఇవ్వకుండా ఓనర్ పేరు మీదున్న అకౌంట్‌కే వెయ్యండి, రసీదులో ఛాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్, డేట్, టైము రాయించండి, ఓనర్‌షిప్ ట్రాన్స్‌ఫర్ రేపు మాపు అనకుండా వెంటనే పెట్టేయండి. ఆ తర్వాత సర్వీస్ సెంటర్‌కి తీస్కెళ్ళి మీ చేతిలో ఉన్న తాళాలు తప్ప మిగతావన్నీ కారు మెమొరీలోంచి తీసేయించండి, లేకపోతే ఆ "పోయిన" రెండో తాళంతో ఒకరోజు బండి మీ ఇంటి ముందు నుంచే వెళ్ళిపోవచ్చు.