తెలియని చెరువుల మీద రెండు రోజుల గాలం వేట: సమస్యలు, పరిష్కారాలు

ఉత్తరాంధ్రలో చెరువు ఒంటరిగా ఉండడం తక్కువ. పై ఊరి చెరువు నిండి పొర్లితే ఆ నీరు గెడ్డలో (వాగులో) పడి కింది ఊరి చెరువుకి చేరుతుంది, అదీ నిండాక ఇంకో ఊరికి. బొబ్బిలి, రాజాం, టెక్కలి చుట్టుపక్కల ఎటు వెళ్ళినా ఇదే వరస. శని, ఆదివారాలు మాత్రమే చేతిలో ఉన్నవాళ్ళకి ఇన్ని చెరువుల్లో ఏ చెరువు, అందులో ఏ మూల అన్నదే అసలు పని. రాడ్డు కొనడానికి నెలల తరబడి ఆలోచించి, చెరువు గురించి ఒక్క ఫోను కూడా చేయకుండా బయల్దేరేవాళ్ళని చాలామందిని చూశాను. బొచ్చె (కట్ల), శీలావతి (రోహు), మోసు (మృగాల), బంగారు తీగ (కామన్ కార్ప్) కోసం కొత్త చోటికి వెళ్ళేవాళ్ళకి ఎదురయ్యే చిక్కులు, వాటి మూలాలు, చేయగలిగిన పనులు ఇవి.

గట్టు ఎక్కగానే ఎవరో వచ్చి లేచిపొమ్మన్నారు

చెరువు ఊరిదే, అందులో చేప పాడుకున్నవాళ్ళది. పంచాయతీ చెరువుల్లో చేపల హక్కు వేలంలో ఎవరో పాడుకుని ఉంటారు, లేదంటే మత్స్యకారుల సహకార సంఘం లీజుకి తీసుకుని ఉంటుంది. డబ్బు పెట్టి చేప పిల్ల కొని వదిలింది వాళ్ళు. అడక్కుండా గాలం వేస్తే వాళ్ళ కష్టాన్ని ఎత్తుకెళ్ళినట్టే.

బయల్దేరే ముందే ఆ ఊరి సచివాలయంలో మత్స్య సహాయకులను అడగండి, చెరువు ఎవరి చేతిలో ఉందో చెప్తారు. పాడుకున్నవాళ్ళతో నేరుగా మాట్లాడి రోజుకి ఎంతో అనుకోండి. పట్టిన చేప ఇంటికి తెచ్చుకుంటారా, వదిలేస్తారా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. గట్టు మీద తేల్చుకుందామనుకుంటే గొడవే. తేలినీలాపురం లాంటి పక్షుల కేంద్రాల పక్క చెరువులు, ఊరి మంచినీటి చెరువులు అసలు అడగొద్దు. తాటిపూడి జలాశయం నీరు విశాఖపట్నం తాగుతుంది, అక్కడ తవుడు, వేరుశనగ చెక్క ముద్దలు గుమ్మరించే ఆలోచన వద్దు. వానలు మొదలయ్యాక నదుల్లో, జలాశయాల్లో చేప గుడ్లు పెట్టే రోజుల్లో వేట ఆపమంటారు. ఆ ఏడాది తేదీలు మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కున్నాకే ప్రయాణం పెట్టుకోండి.

చెరువు నిండుగా ఉంది, పడే చేప మాత్రం అరచెయ్యి దాటట్లేదు

కొత్తవాళ్ళు అందరికంటే ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. నీరు విశాలంగా కనబడితే పెద్ద చేప ఉంటుందనుకుంటారు.

బొచ్చె, శీలావతి, మోసు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద నీటి పారుదల కావాలి. 1957లో ఒడిశాలో మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి సారం ఎక్కించి ఈ కోవ చేపలతో గుడ్లు పెట్టించడంలో గెలిచారు. ఆ దారిలోనే చేప పిల్లల్ని పుట్టించే హేచరీలు వచ్చాయి, మన చెరువుల్లో ఈ చేప అంటే హేచరీ నుంచి తెచ్చి వదిలిన పిల్లే. ఏప్రిల్, మే నెలల్లో ఎండే చెరువులో వలలు వేసి చివరి చేప వరకూ తీసేస్తారు. వానలు పడ్డాక మళ్ళీ పిల్ల వేస్తారు. అలాంటి చెరువు నవంబరులో గట్టు అంచుల దాకా నిండి ఉన్నా, లోపల ఉన్నది ఆ ఏటి పిల్లే.

అందుకే అడగాల్సిన ప్రశ్న ఒకటే: "పోయిన ఎండాకాలం ఈ చెరువు ఎండిందా?" ఆ ప్రశ్న టీ కొట్టు దగ్గర కాదు, రోజూ గట్టు మీద ఉండే గేదెల కాపరిని అడగండి. "ఎండిపోనేదు బావూ, మదుం కాడ మడుగు ఉండిపోనాది" అన్నాడంటే మీ చెరువు దొరికింది. మదుం (నీరు వదిలే తూము) గడప కంటే లోతున ఉన్న నీటిని కాలవ లాగలేదు, ఆ మడుగులో చేప ఏడాది దాటి బతుకుతుంది. గట్టు కోసమో, ఇటుక బట్టీ కోసమో మట్టి తవ్విన గోతులు కూడా ఇలాగే నీరు దాస్తాయి. ఆ గోతులు ఎటువైపు ఉన్నాయో కూడా అదే మనిషి చూపిస్తాడు, ఊబి ఎక్కడుందో కూడా చెప్తాడు.

బంగారు తీగ సంగతి వేరు. అది నిలవ నీటిలోనే నాచుకి గుడ్లు అంటిస్తుంది. ఎండని చెరువులో ఎవరూ పిల్ల వేయకపోయినా అది తనంతట తానే పెరిగి ఉండొచ్చు. గొలుసులో నాలుగు చెరువులుంటే, అన్నింటికంటే పెద్దదాన్ని వదిలేసి, ఎండని దాని దగ్గర కూర్చోవడమే నా పద్ధతి.

మ్యాపులో నీళ్ళు, వెళ్తే గేదెలు మేస్తున్నాయి

ఫోనులో కనబడే ఉపగ్రహం బొమ్మ ఏ నెలలో తీసిందో మీకు తెలియదు. వరికి ఆఖరి తడి ఇచ్చాక చెరువు గబగబా తగ్గిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చిన్న చెరువులు, వేసవిలో అయితే అనుమతి దొరికిన మేరకు మడ్డువలస, ఆండ్ర లాంటి జలాశయాలు. ఆ రోజు తీసిన ఫోటో ఒకటి వాట్సాప్‌లో పంపమని ఊరివాళ్ళని అడిగితే సగం అనుమానాలు తీరిపోతాయి.

చేపలు కళ్ళముందే కదులుతున్నాయి, గాలం ముట్టవు

ముందు అవి ఏం చేస్తున్నాయో చూడండి. పైకి కనబడడంలో చాలా రకాలున్నాయి, మందు కూడా ఒక్కోదానికి ఒక్కోటి.

తెల్లవారుజామున మూతులు నీటి పైన పెట్టి గుటకలు వేస్తుంటే అది ఆకలి కాదు, ఊపిరి ఆడకపోవడం. నీరు చిక్కటి ఆకుపచ్చగా ఉన్న చెరువుల్లో రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడేస్తుంది, తెల్లవారే సరికి నీటిలో మిగిలేది చాలా తక్కువ. అప్పుడు మేత వేస్తే అది కుళ్ళి ఉన్న కాస్తా లాగేస్తుంది. గాలాలు తీసి పక్కన పెట్టండి, చెరువు పాడుకున్నవాళ్ళకి వెంటనే ఫోను చేయండి. వాళ్ళ ఏడాది రాబడి అది. ఎండ బాగా ఎక్కి చేప కిందికి దిగాకే మళ్ళీ కూర్చోవాలి.

నడి చెరువులో నీటిలోంచి పూర్తిగా బయటికొచ్చి దూకే చేపల్లో చాలాసార్లు వెండి చేప (సిల్వర్ కార్ప్) ఉంటుంది. అది నీటిలోని సన్న నాచును వడకట్టుకుని తింటుంది, మీ పిండి ముద్దతో దానికి పని లేదు. దాని వెనక పడొద్దు.

జనవరి నుంచి మార్చి మధ్య, గట్టు వార నాచులో చేపలు జంటలు జంటలుగా కొట్టుకుంటూ నీరు చిందిస్తుంటే బంగారు తీగ గుడ్లు పెడుతోందని అర్థం. వాటిని కదపకుండా అవతలి ఒడ్డుకి పోవడం మంచిది.

నీటి పైపొరలో పెద్ద సుడి లేచి, మెల్లగా సర్దుకుంటుంటే బొచ్చె. దాని కింది దవడ ముందుకి వచ్చి, నోరు పైకి తిరిగి ఉంటుంది, పై నీటిలోని సూక్ష్మ జీవులను తింటుంది. అడుగున పడుకున్న మీ ఎర దాని చూపుకే రాదు. దారం మీద తేలే బెండును, బరువుకి కట్టిన సీసం వైపు జరిపి, ఎర రెండు మూడడుగుల లోతులోనే వేలాడేలా పెట్టండి. ముద్ద వదులుగా ఉండాలి, నీటిలో పడగానే పొడి పొడిగా రాలి చుట్టూ మబ్బులా కమ్ముకోవాలి. శీలావతి నడి నీటిలో తిరుగుతుంది, మోసు, బంగారు తీగ అడుగున. ఒకే చెరువులో మూడు లోతుల్లో వేర్వేరు రకాల చేప ఉందని గుర్తుంటే సగం బెండు సవరింపులు వాటంతట అవే అర్థమవుతాయి.

బెండు ఆడుతూనే ఉంది, లాగితే ఖాళీ గాలం

పరిగెలు, జిలేబీలు (తిలాపియా) లాంటి చిన్న చేపలు ముద్దని కొరుక్కుతింటున్నాయి. బెండు గబగబా వణుకుతూ పక్కకి జరుగుతుంటే అవే. బంగారు తీగ అడుగున ఎరను ఎత్తినప్పుడు బెండు ఒక్కసారి పైకి లేచి, పక్కకి ఒరిగి పడుకుంటుంది, ఆ తర్వాతే నిదానంగా మునుగుతుంది. 

చిన్న చేపలు కొరకలేని ఎర పెట్టడమే దీనికి పరిష్కారం: ఉడకబెట్టిన మొక్కజొన్న గింజలు, నానబెట్టి ఉడికించిన శనగలు. గాలం వంపు దగ్గర అంగుళం పొడవు సన్న దారం వదిలి, గింజని గాలానికి కాకుండా ఆ దారానికి గుచ్చండి. ఈ చేపలు ఎరను నోట్లోకి పీల్చి, తేడా అనిపిస్తే ఉమ్మేస్తాయి. గాలం ఖాళీగా ఉంటే ఉమ్మేటప్పుడు పెదవికి దిగుతుంది.

ముద్దే కావాలంటే చోడిపిండి (రాగిపిండి), గోధుమపిండి సమంగా కలిపి, మరిగే నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ గట్టిగా పిసకండి. చేతికి అంటకుండా, నొక్కితే వేలి గుర్తు నిలిచేంత బిగువు రావాలి. గోళీ అంత ఉండ చేసి గ్లాసు నీళ్ళలో వేసి చూడండి. పావుగంట లోపు విడిపోతే ఇంకాస్త గోధుమపిండి పడాలి. ఈ పరీక్ష ఇంట్లో చేయాలి, గట్టు మీద కాదు.

పొద్దంతా కూర్చున్నా బెండు కదల్లేదు

తక్కువ సమయం ఉన్న ప్రయాణంలో తొందర ఎక్కువ. వెళ్ళగానే నీడ ఉన్న చోట కూర్చుంటారు, చేపను రప్పించాలని సంచెడు తవుడు, చెక్క నీళ్ళలో పోస్తారు. చేప అక్కడికి రాకపోతే మేత దండగ, వస్తే దాంతోనే కడుపు నిండుతుంది.

మొదటి రెండు గంటలు గాలం కట్టొద్దు. ఎరలేని దారానికి సీసం ఒక్కటి కట్టి, నాలుగైదు చోట్ల విసిరి, మెల్లగా లాక్కుంటూ అడుగు ఎలా ఉందో చేత్తో తెలుసుకోండి. బరువుగా బిగిసి వస్తే బురద. టకటకా తగులుతూ వస్తే రాయి, గులక. మెత్తగా పట్టుకుని ఒక్కసారి వదిలితే నాచు. బురద ఆగి గట్టి నేల మొదలయ్యే అంచు, గెడ్డ చెరువులో దిగే నోరు, మదుం ముందు లోతు, తామరాకుల బయటి అంచు, ఇవి నేను ముందు చూసే చోట్లు. గాలి ఎటు కొడుతుంటే ఆ ఒడ్డుకే మేత కొట్టుకుపోతుంది, గాలి మొహానికి తగిలే వైపు కూర్చోవడం కష్టమైనా చేప అటే ఉంటుంది. వాన పడిన మర్నాడు పై చెరువు పొర్లు నీరు పడే చోట చేప ఎదురు నీటికి తల పెట్టి నిలబడుతుంది.

అడుగు నుంచి సన్న బుడగలు గుంపుగా లేచి, ఆ గుంపు నిదానంగా జరుగుతుంటే బంగారు తీగ బురద తవ్వుకుంటోందని గుర్తు. ఒకే చోట ఒక్కో పెద్ద బుడగ లేస్తుంటే అది కుళ్ళిన ఆకుల గాలి, చేప కాదు.

మేత మాత్రం తక్కువ. రెండు పాళ్ళు తవుడు, ఒక పాలు రాత్రి నానబెట్టిన వేరుశనగ చెక్క, నారింజకాయ సైజు ఉండలు నాలుగు చాలు. చేప పడ్డాక ఇంకొకటి వేయండి. డిసెంబరు, జనవరి చలి తెల్లవారుజామున మంచులో వణుకుతూ కూర్చోవద్దు, ఎండ పడి నీరు కాస్త వెచ్చబడ్డాక, పది దాటాకే ఇవి బాగా తింటాయి.

దారం తెగిపోతోంది

మునిగిన మోళ్ళు, పాత గోడలు, విడిచిపెట్టిన వలలు. హిరమండలం లాంటి జలాశయాల కింద ఊళ్ళే ఉండేవి. సీసం రెండుసార్లు ఇరుక్కున్న చోటు నుంచి లేచిపోండి. వల బెండ్లు కనబడిన వైపు గాలం విసరొద్దు, అది ఇంకొకరి వల. పెద్ద చేప పడితే దారంతో ఒడ్డు మీదికి ఎత్తకండి, పొడుగు కాడ ఉన్న జల్లి వల ఒకటి వెంట ఉండాలి.

ఆకాశం నిర్మలంగా ఉంది, నీరు మాత్రం పెరుగుతోంది

వంశధార, నాగావళి రెండూ ఒడిశా కొండల్లో పుడతాయి. ఇక్కడ ఎండ కాస్తున్నా అక్కడ వాన పడితే గొట్టా, తోటపల్లి బ్యారేజీల దగ్గర గేట్లు ఎత్తుతారు. గేట్లకి దిగువన ఇసుక దిబ్బల మీద, రాళ్ళ మీద కూర్చోకండి, చేప ఎంత కనబడినా సరే. సైరన్ వినబడితే సామాను వదిలేసి ఒడ్డెక్కాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటింది. అక్టోబరు, నవంబరు ప్రయాణాలు వాతావరణ శాఖ హెచ్చరికలు చూశాకే ఖాయం చేసుకోండి.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుములు మొదలైతే కార్బన్ రాడ్డు నేల మీద పడుకోబెట్టి దూరంగా వచ్చేయండి, చెట్టు కిందకి మాత్రం పోవద్దు. చాలా చెరువు గట్ల మీదుగా కరెంటు తీగలు పోతుంటాయి. గాలం విసిరే ముందు తల ఎత్తి చూడండి. ఆ రాడ్డులో కరెంటు పారుతుంది.