క్యాన్సర్ తరవాత నడక – 4వ పాఠం: బాగున్న రోజుతోనే జాగ్రత్త

పోయిన పాఠంలో సారికి 30 నిమిషాల నడక అని రాస్తే చాలామంది ఆ అంకె ఒక్కటే పట్టుకున్నారు. గుణుపురం చెల్లెమ్మ ఒకరు మొదటిరోజే అరగంట నడిచి మూడు రోజులు మంచం దిగలేదట. బరంపురం బాబాయిగారొకరు "ఇది నా వల్ల కాదమ్మా" అని మానేశారు. అందుకని ఈసారి రావాల్సిన చేతి బరువుల పాఠం వెనక్కి జరిపాను.

2019లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ నిపుణులు నీరసం, దిగులు, ఆందోళన తగ్గడానికి చెప్పిన లెక్క అది: ఓ మాదిరి వేగంతో సారికి 30 నిమిషాలు, వారానికి మూడుసార్లు. అక్కడికి మెల్లగా చేరాలి. మొదలుపెట్టేది 5 నిమిషాలైనా సరే. వేగం సంగతంటారా, పక్కమనిషితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఫోన్లో అడుగుల లెక్క నాకు నచ్చదు. వీధి దీపాల స్తంభాలు లెక్కపెట్టుకుంటాను.

ఇక అసలు గొయ్యి. మనల్ని పడగొట్టేది నీరసంగా ఉన్న రోజు కాదు, ఒళ్ళు తేలిగ్గా ఉన్న రోజు. మందు ఎక్కించడం (కీమో), కరెంటు పెట్టడం (రేడియేషన్) అయిపోయిన మూడో నెలలో ఒక ఆదివారం నాకు ప్రాణం లేచొచ్చినట్టుంది. దుప్పట్లన్నీ ఉతికాను, పిండి రుబ్బాను, సాయంత్రం మా పర్లాకిమిడి సీతాసాగరం గట్టు మీద 40 నిమిషాలు నడిచాను. మంగళవారానికి చెంబెడు నీళ్ళు ఎత్తలేకపోయాను. ఆ రాత్రి రెండింటికి లేచి కూర్చుని, చంకలో వేళ్ళతో తడుముకుంటూ "మళ్ళీ వచ్చిందేమో" అని ఏడ్చాను. ఇరవై రోజులు గడప దాటలేదు. నడక ఆగింది, దిగులు పెరిగింది. తరవాత చెకప్‌లో ఏమీ లేదన్నారు. అది ఆదివారం పని తాలూకు అలసటే. ఈ నీరసం ఒక రాత్రి నిద్రతో పోయే రకం కాదు కాబట్టి మనకు రోగంలాగే కనిపిస్తుంది. మీలో ఎంతమంది ఇలా హడలిపోయి నడక మానేశారో తలచుకుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అందుకే నిమిషాలను బాగాలేని రోజును బట్టి పెట్టుకోండి. ఆ రోజు 7 నిమిషాలే చేతనైతే, ఒళ్ళు బాగున్న రోజూ 7 నిమిషాలే. ఇంకా ఓపికుందనిపించినా ఇంటికి వచ్చేయాలి. వారం సాఫీగా గడిస్తే ఒకటో రెండో నిమిషాలు పెంచండి. ఇంటిపని కూడా లెక్కలోకి వస్తుంది, బట్టలుతికిన రోజు నడక తగ్గించండి.

నీళ్ళు, ఎండ మీకు తెలిసినవే. కీమోకి అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళు మాత్రం ఉత్తకాళ్ళతో నడవొద్దు. జ్వరం, ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, కొత్తగా ఎముకల నొప్పి, ఒక కాలో చెయ్యో ఉన్నట్టుండి వాయడం ఉంటే నడక ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్ళు నడక మొదలుపెట్టకముందే డాక్టరుని అడగాలి.

అభ్యాసం: 14 రోజులు. వంటింటి క్యాలెండర్‌లో తిథి పక్కన మూడు అంకెలు వేయండి. నిమిషాలు, బయల్దేరేముందు మనసెలా ఉందో పదికి ఎన్ని మార్కులు, వచ్చాక ఎన్ని. ఒళ్ళు బాగున్నా నిమిషాలు పెంచకుండా తిరిగొచ్చిన రోజుకు సున్నా చుట్టండి. కనీసం మూడు సున్నాలు వచ్చాకే 5వ పాఠం తెరవండి.

నడుస్తుంటే ఏడుపొస్తోందని పాతపట్నం నుంచి ఒకరు అడిగారు. రానివ్వండమ్మా. తోడుకు ఒకరిని తీసుకెళ్ళండి, కొంగు అడ్డం పెట్టుకుని నడుస్తూనే ఉండండి. ఇంట్లో కూడా రెండు వారాలు దాటి ఏడుపు ఆగకపోతే ఆ మాట డాక్టరుతో చెప్పండి, దానికీ వైద్యం ఉంది.