బాణీ ఉంది, మాటలు లేవు: ‘యెస్టర్‌డే’ తయారైన తీరులో పాట కట్టడం

బాణీ ముందుగా తట్టి, దానికి మాటలు వెతుక్కోవలసి వచ్చిన వారికి, బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ 1965లో రికార్డు చేసిన ‘యెస్టర్‌డే’ని మించిన పాఠం నాకు తెలిసినంతలో మరొకటి లేదు. మన సినిమా పాటల్లోనూ చాలా వాటికి బాణీయే ముందు కనుక, లండన్‌లో జరిగిన ఆ పని మనకు పరాయిదిగా తోచదు.

తట్టిన బాణీని అప్పటికప్పుడే పట్టుకోవాలి. బీటిల్స్‌లో ఒకరైన పాల్ మెకార్ట్‌నీ లండన్‌లోని వింపోల్ వీధిలో తన ప్రియురాలు, నటి జేన్ ఆషర్ కుటుంబంతో ఉంటున్న కాలంలో, ఈ బాణీ నిద్రలో వినిపించగా లేచి, మంచం పక్కనున్న పియానో మీద వాయించుకున్నారు. మనకు ఫోన్ చాలు. ఆ తరువాత అది మన సొంతమేనా అన్నది తేల్చుకోవాలి. అంత సులువుగా వచ్చింది ఎక్కడో విన్నదై ఉంటుందన్న అనుమానంతో ఆయన కొన్ని వారాల పాటు సంగీతం తెలిసిన వారికి వినిపించి, ఎవరూ గుర్తుపట్టకపోయాకే తనదనుకున్నారు. మీరూ పాత పాటలు బాగా గుర్తున్న వారికి వినిపించండి. రాగం ఒకటైనంత మాత్రాన కంగారు పడనక్కరలేదు గానీ, పల్లవి నడక మొత్తం మరో పాటదేనని తేలితే ఆ బాణీని వదులుకోవడమే మర్యాద.

ఇక డమ్మీ మాటలు, అంటే అసలు మాటలు దొరికే దాకా చోటు నింపే పదాలు. మెకార్ట్‌నీ పల్లవి మొదట్లో ‘స్క్రాంబుల్డ్ ఎగ్స్’ అని, అంటే గుడ్ల వంటకం పేరు పెట్టి, నెలల తరబడి అలాగే పాడుకున్నారు. మన వైపు ‘తననా’ అంటూ తత్తకారంతో నడిపించినా ఫలితం అదే. డమ్మీ మాట ఎంత అర్థరహితంగా ఉంటే అంత మంచిది. కాస్త బాగున్న మాట పెడితే దాని మీద మమకారం పుట్టి, అసలు మాటకు చోటివ్వదు. అయితే అక్షరాల కొలత మాత్రం తప్పకూడదు. ఆ బాణీ తొలి మూడు స్వరాల్లో రెండు పొట్టివి, మూడవది బాగా సాగేది. మన ఛందస్సులో చెప్పాలంటే సగణం. ‘మనసా’, ‘ఎవరో’, ‘కలలో’ వంటి మాటలు అందులో ఇమిడిపోతాయి. సాగే స్వరం మీద ‘ఎగ్స్’ హల్లులతో మూసుకుపోతుంది, ‘డే’ అచ్చుతో తెరుచుకుని గొంతుకు చోటిస్తుంది. కాబట్టి మీ బాణీలో ఎక్కడ స్వరం నిలుస్తుందో ముందు గుర్తు పెట్టుకుని, అక్కడ దీర్ఘాచ్చు వచ్చే మాటలను మాత్రమే వెతకండి. అర్థం సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు. ఈ పాటలో పల్లవి మామూలుగా ఉండే ఎనిమిది బార్లకు (తాళపు ఆవర్తాలకు) బదులు ఏడింటితోనే ముగుస్తుంది. లెక్క సరిచేయడానికి ఊతపదం చేర్చకపోవడం వల్లే అది అంత బిగువుగా ఉంది.

మాటలు రాకపోతే వాద్యం పక్కన పెట్టండి. బీటిల్స్ నటించిన ‘హెల్ప్’ సినిమా చిత్రీకరణలో మెకార్ట్‌నీ అదే పనిగా ఈ బాణీ వాయిస్తుంటే, దర్శకుడు రిచర్డ్ లెస్టర్ పియానో తీయించేస్తానన్నారట. చివరికి 1965 మే నెలలో పోర్చుగల్‌లో, లిస్బన్ నుంచి అల్బుఫైరా వెళ్లే కారులో మాటలు కుదిరాయి.

రికార్డింగుకు ముందు శ్రుతిని గొంతుకు తగ్గట్టు నిర్ణయించుకోవాలి. మెకార్ట్‌నీ తన గిటార్ తీగలన్నీ ఒక టోన్ (రెండు అర్ధస్వరాలు) దించి, జి శ్రుతికి పట్టే వేళ్ల పట్టులతో వాయిస్తూ ఎఫ్ శ్రుతిలో పాడారు. గిటార్ మెడకు బిగించే కేపో అనే పట్టీ శ్రుతిని పెంచగలదే తప్ప దించలేదు కనుక, మీరూ ఈ పద్ధతినే వాడుకోవచ్చు. జూన్ 14న ఇ.ఎం.ఐ. స్టూడియోలో గిటార్, గొంతు తప్ప మరేమీ లేకుండా రెండే టేకులు తీశారు. (అదే రోజు ఆయన గొంతు చించుకునే మరో పాట కూడా పాడారు; ఆ సాహసం మనకు వద్దు.) ముందు ఇలా ఒంటరిగా రికార్డు చేసి విన్నప్పుడు పాట నిలబడకపోతే, ఎన్ని ట్రాకులు చేర్చినా నిలబడదు.

నిర్మాత జార్జ్ మార్టిన్ తీగ వాద్యాలు పెడదామన్నప్పుడు మెకార్ట్‌నీ మొదట వెనుకాడారు. జూన్ 17న చేర్చింది రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో మాత్రమే. స్వరాన్ని వణికించకుండా నిలకడగా వాయించాలని మెకార్ట్‌నీ పట్టుబట్టారు. పైగా ఆ నాలుగూ రెండవ చరణం దాకా వినిపించవు. కీబోర్డులో స్ట్రింగ్స్ మీట నొక్కి మొదటి నుంచి చివరి దాకా పరిచేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. దాన్ని మానుకుని, వాద్యం ఎక్కడ ప్రవేశించాలో కాగితం మీద రాసుకున్నాకే వాయించేవారిని పిలవండి.

ఈ పాటను మెకార్ట్‌నీ ఒక్కరే కట్టినా, బృంద సహచరుడు జాన్ లెనన్‌తో ముందే ఉన్న ఒప్పందం ప్రకారం లెనన్–మెకార్ట్‌నీ పేరు మీదే వెలువడింది. అందుకే బాణీ ఎవరిది, మాటలు ఎవరివి, రాయల్టీలో ఎవరి వాటా ఎంత అన్నది విడుదలకు ముందే రాసుకుని సంతకాలు చేసుకోవాలి.