ఐపీవీ6 గురించి ఇంట్లోవాళ్లకి ఎలా చెప్పాలి

ముందు బిట్లు, ప్రోటోకాల్ అని మొదలుపెట్టకండి, అక్కడే వినడం మానేస్తారు. నాన్నగారి ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకుని సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌లోకి వెళ్తే చాలావాటిలో ఐపీ అడ్రస్ ఉంటుంది, అంటే నెట్‌లో ఆ ఫోన్‌కి ఉండే చిరునామా, అది చూపించండి. చుక్కల మధ్య నాలుగు నంబర్లుంటే పాత పద్ధతి అడ్రస్, ఐపీవీ4. కోలన్లూ ఇంగ్లీష్ అక్షరాలూ కలిసి చాంతాడంత ఉంటే కొత్తది, ఐపీవీ6. రెండూ కనిపించినా కంగారు వద్దు, మామూలే.

ఎందుకు మార్చడం అంటారా, పాతది 1981 నాటిది, మొత్తం అడ్రస్‌లు దాదాపు 430 కోట్లే, 2011 ఫిబ్రవరికల్లా ప్రపంచ స్థాయి స్టాక్ ఖాళీ. మరి ఇంకా ఎలా నడుస్తోందంటే, అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే గేటు అడ్రస్ ఉండి ఏ పార్సిల్ ఏ ఫ్లాట్‌కో వాచ్‌మన్ చూసుకున్నట్టు, ఇంట్లో ఫోన్లన్నిటికీ బయటికి ఒకే అడ్రస్, లోపల సర్దేది రౌటర్. దీని పేరు నాట్, చెప్పకపోయినా నష్టం లేదు.

వీ5 ఏమైందని ఎవరో ఒకరు అడుగుతారు, ఆ నంబర్ ఆడియో వీడియో పంపే ఒక ప్రయోగానికి పోయింది. వీ6 కోసం కూడా 90ల్లో టూబా, క్యాట్‌నిప్, సిప్ అనే మూడు ప్రతిపాదనలు పోటీపడితే 1994లో సిప్‌నే, అడ్రస్ సైజు పెద్దది చేసి తీసుకున్నారు. అసలు చిక్కేంటంటే పాతదీ కొత్తదీ నేరుగా మాట్లాడుకోలేవు, అందుకే రెండూ పక్కపక్కనే నడపాలి, రౌటర్‌లో ఐపీవీ6 ఆఫ్‌లో ఉంటే ఆన్ చేసేయండి.