ఇంట్లో కొలిచిన బీపీ, షుగర్‌ను ఆసుపత్రి రికార్డులోకి ఎక్కించడం ఎలా?

బెంగళూరు మారతహళ్లి క్లినిక్‌కి వచ్చే పేషెంటు వాట్సాప్‌లో "పొద్దున టిఫిన్‌కి ముందు షుగర్ 142" అని పంపుతారు. డాక్టరుకి అర్థమవుతుంది, సాఫ్ట్‌వేర్‌కి కాదు. అందుకే ముందు ప్రతి కొలతకీ లాయింక్ (LOINC, వైద్య పరీక్షలకీ కొలతలకీ ప్రపంచమంతా వాడే కోడ్ల జాబితా) కోడ్ ఇవ్వండి.

వేలి రక్తంతో గ్లూకోమీటర్‌లో చూసిన షుగర్‌కి 41653-7. ల్యాబ్ షుగర్ కోడ్ ఇక్కడ వాడకండి, రెండూ ఒకే గ్రాఫులో కలిసిపోయి డాక్టరుని తప్పుదారి పట్టిస్తాయి. ఈ కోడ్ మిల్లీగ్రాములు పర్ డెసిలీటర్‌కే. మీటర్ మిల్లీమోల్స్‌లో చూపిస్తే 14743-9 వాడాలి, లేదా 18తో గుణించి మార్చుకోవాలి. 7.9 అంటే సుమారు 142. యూనిట్ లేకుండా వచ్చిన అంకెను ఊహించి నింపకండి, పేషెంటుని అడగండి.

బీపీలో ఎక్కువమంది తడబడతారు. పై అంకె 8480-6, కింది అంకె 8462-4. వీటిని రెండు వేర్వేరు రికార్డులుగా పంపితే ఏ పై అంకెకి ఏ కింది అంకో తెలియదు. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు రికార్డులు ఇచ్చిపుచ్చుకునే ప్రమాణం ఫైర్ (FHIR). అందులో 85354-9 కోడ్‌తో ఒకే అబ్జర్వేషన్ (కొలత రికార్డు) తెరిచి, రెండింటినీ దాని కాంపొనెంట్లుగా, అంటే లోపలి భాగాలుగా పెట్టండి. గుండె వేగం 8867-4, బరువు 29463-7. వీటితో పెద్దగా చిక్కు లేదు.

"టిఫిన్‌కి ముందు" అన్న మాట పారేయకండి. 142 పరగడుపుదా, తిన్నాకదా అన్నదాన్ని బట్టే మందు మారుతుంది. దాన్ని స్నోమెడ్ సీటీ (SNOMED CT, వైద్య పదాలకి కోడ్లిచ్చే అంతర్జాతీయ పదకోశం) కోడ్‌తో జతచేయండి; దాన్ని నడిపే సంస్థలో భారత్ సభ్యదేశం కాబట్టి ఇక్కడ లైసెన్సుకి రుసుము లేదు. పెర్ఫార్మర్ (కొలత తీసినవారు)గా పేషెంటునే రాయండి, డివైస్‌లో మీటర్ మోడల్ పెట్టండి. సమయం చివర భారత సమయాన్ని సూచించే +05:30 తప్పనిసరి. అది లేకపోతే పొద్దున ఆరింటి కొలతను సర్వర్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుని పదకొండున్నరకి చూపిస్తుంది, పరగడుపు షుగర్ కాస్తా టిఫిన్ తర్వాతది అయిపోతుంది.