అల్జీమర్స్ యాంటీబాడీలు సరిగా పనిచేయనప్పుడు ఎక్కడ వెతకాలి?

ఎలైజా (ప్రొటీన్ ఎంతుందో రంగుతో కొలిచే పరీక్ష) ప్లేటులో రంగు రాకపోయినా, బ్లాట్‌లో (ప్రొటీన్లను బరువు ప్రకారం విడదీసి మెంబ్రేన్ మీద చూసే పరీక్ష) అనుకోని బ్యాండ్లు కనిపించినా మొదట నింద పడేది యాంటీబాడీ మీదే, అంటే వెతికే ప్రొటీన్‌ను పట్టుకునే పదార్థం మీదే. కొత్త సీసాకు ఆర్డరు పెడతారు, వారాల తరబడి ఎదురుచూస్తారు, చివరికి పాత నమూనాతో పాత ఫలితమే చూస్తారు. కర్నూలు, అనంతపురం, కడపలలో అల్జీమర్స్ తొలిదశ గుర్తుల మీద పనిచేసే విద్యార్థులకు నేను చెప్పేది ఒక్కటే: యాంటీబాడీని అన్నిటికన్నా చివర అనుమానించండి. నమూనా మీ బల్ల మీదికి ఎలా చేరిందో ముందు చూడండి.

ఏ-బీటా 42 అందరిలోనూ తక్కువగా వస్తోంది

అన్నిటికన్నా ప్రమాదకరమైన లక్షణం ఇదే. ఏ-బీటా 42 అంటే అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే చిన్న పెప్టైడ్ (ప్రొటీన్ ముక్క). ఆ జబ్బులో ప్లాస్మాలోనూ (కణాలు తీసేసిన రక్తద్రవం) వెన్నుద్రవంలోనూ ఇది తగ్గుతుంది. నమూనాను సరిగా చూసుకోకపోయినా తగ్గుతుంది. ఈ రెండు తగ్గుదలలూ కాగితం మీద ఒక్కలాగే ఉంటాయి.

ఆదోని క్యాంపులో తీసిన నమూనాలన్నీ తక్కువగా, కర్నూలులో తీసినవన్నీ మామూలుగా వచ్చాయనుకోండి. ఆదోని పెద్దవాళ్ల మెదళ్లను శంకించే ముందు ఆ రక్తం ఎన్ని గంటలు దారిలో ఉందో అడగండి. ప్లాస్మా వేరుచేయని రక్తం గది వేడిలో ఉన్నకొద్దీ ఏ-బీటా పడిపోతూ ఉంటుంది. ప్రొటోకాల్‌లో గది ఉష్ణోగ్రత అంటే 20-25 డిగ్రీలు. మే నెలలో మన గదులు ఆ లెక్కకు అందవు. ఇక రెండో కారణం ట్యూబు. ఈ పెప్టైడ్ గాజుకూ పాలీస్టైరీన్‌కూ అంటుకుపోతుంది. ట్యూబు మార్చిన ప్రతిసారీ కొంత గోడకే మిగిలిపోతుంది.

రక్తాన్ని ఈడీటీఏ ట్యూబులోకే తీయండి. క్యాంపుకు చిన్న సెంట్రిఫ్యూజ్ వెంట తీసుకెళ్లి, గంటలోపు ప్లాస్మా వేరుచేయండి. ప్రొటీన్ తక్కువగా అంటుకునే పాలీప్రొపిలీన్ ట్యూబుల్లో చిన్న భాగాలుగా పంచి మైనస్ 80 డిగ్రీల్లో ఉంచండి. ఒకసారి కరిగించిన భాగాన్ని మళ్లీ గడ్డకట్టించకండి. ట్యూబును తెల్లకాగితం ముందు పట్టి చూడండి: ప్లాస్మా ఎండుగడ్డి రంగులో ఉండాలి. గులాబీ ఛాయ కనిపిస్తే ఎర్రకణాలు పగిలాయని అర్థం, ఆ నమూనాను పక్కన పెట్టేయండి.

అనుమానం తీరాలంటే ఒకే మనిషి రక్తాన్ని రెండు ట్యూబుల్లో తీయండి. ఒకదాన్ని వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి, రెండోదాన్ని నాలుగు గంటలు బల్ల మీద ఉంచి తిప్పండి. తేడా మీ కళ్లతో మీరే చూస్తారు. ఏ-బీటా 42ను ఒంటరిగా కాక, దానికన్నా కాస్త పొట్టిదైన ఏ-బీటా 40తో నిష్పత్తిగా లెక్కిస్తే ఈ నష్టం కొంత సర్దుకుంటుంది, పూర్తిగా మాత్రం కాదు.

బ్లాట్‌లో 4 కిలోడాల్టన్ల దగ్గర ఏమీ లేదు, 100 దగ్గర దట్టమైన బ్యాండ్

కిలోడాల్టన్ అంటే ప్రొటీన్ బరువు కొలత, ఏ-బీటా సుమారు 4 దగ్గర కనిపించాలి. యాంటీబాడీ తన పని తాను చేసింది. 6ఇ10 అనే యాంటీబాడీ పట్టుకునేది ఏ-బీటా మొదటి భాగాన్ని. ఆ భాగం మాతృప్రొటీన్ ఏపీపీలోనూ ఉంది. పైన కనిపించేది అదే. కింద ఉండాల్సిన చిన్న పెప్టైడ్ 0.45 మైక్రాన్ మెంబ్రేన్‌ను దాటి వెళ్లిపోయి ఉంటుంది. 0.2 మైక్రాన్ మెంబ్రేన్, ట్రిస్-ట్రైసిన్ జెల్ వాడండి. బ్లాకింగ్‌కు (మెంబ్రేన్ మీది ఖాళీ చోట్లను వేరే ప్రొటీన్‌తో కప్పడానికి) ముందు మెంబ్రేన్‌ను పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌లో కొన్ని నిమిషాలు మరిగిస్తే సంకేతం బాగా పెరుగుతుంది. ఒక లేన్‌లో శుద్ధమైన పెప్టైడ్ తప్పకుండా నడపండి. 42ను 40 నుంచి విడదీసి చూడాలంటే తోక చివరను గుర్తించే యాంటీబాడీ కావాలి, 6ఇ10 చాలదు.

టౌ బ్లాట్‌లో ప్రతి లేన్‌లోనూ 50 దగ్గర బ్యాండ్

టౌ అంటే అల్జీమర్స్‌లో మెదడు కణాల్లో చిక్కులు పడే ప్రొటీన్. ఎలుక మెదడు నమూనా, ఎలుకలో తయారైన యాంటీబాడీ: ఈ రెండూ కలిస్తే ఈ చిక్కు ఖాయం. మొదటి (ప్రైమరీ) యాంటీబాడీని చూపించాల్సిన సెకండరీ యాంటీబాడీ ఆ కణజాలంలోని ఎలుక సొంత యాంటీబాడీ అయిన ఐజీజీనే పట్టుకుంటుంది. దాని భారీ గొలుసు బరువు సుమారు 50. టౌ కూడా 45 నుంచి 65 మధ్యే కనిపిస్తుంది. ప్రైమరీ లేకుండా ఒక బ్లాట్ చేయండి. బ్యాండ్ అలాగే ఉంటే అది టౌ కాదు. తేలిక గొలుసును మాత్రమే గుర్తించే సెకండరీ వాడితే బ్యాండ్ 25 దగ్గరికి జరిగిపోతుంది. నమూనాను మరిగించడం ఇంకో దారి: టౌ వేడికి తట్టుకుని ద్రవంలోనే ఉంటుంది, ఐజీజీ గడ్డకట్టి అడుగుకు చేరుతుంది.

ఫాస్ఫో-టౌ, అంటే 181, 217 వంటి స్థానాల్లో ఫాస్ఫేట్ చేరిన టౌ, మసకగా వస్తే కణజాలం తీసిన క్షణం నుంచే సోడియం ఫ్లోరైడ్, ఆర్థోవనడేట్ వంటి ఫాస్ఫటేజ్ (ఫాస్ఫేట్‌ను తీసేసే ఎంజైము) నిరోధకాలు వాడారో లేదో చూడండి. బ్లాకింగ్‌కు పాలపొడి బదులు బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్) తీసుకోండి, ఎందుకంటే పాలలోని కేసీన్ కూడా ఫాస్ఫో-ప్రొటీనే. ఒక నమూనాకు లాంబ్డా ఫాస్ఫటేజ్ కలిపి చూడండి: ఫాస్ఫో సంకేతం మాయమై, మొత్తం టౌ సంకేతం నిలవాలి. ఈ పరీక్ష లేని ఫాస్ఫో-టౌ బ్లాట్‌ను నేను నమ్మను.

ఖాళీ గుంటల్లోనూ రంగు, లేదా ఎక్కడా రంగు లేదు

ఎలైజా ప్లేటులో ఖాళీ గుంటలు రంగెక్కితే వాష్ చాలలేదు, లేదా నీళ్లలో లోపం ఉంది. మన బోరునీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి డీఅయొనైజర్ రెజిన్ త్వరగా అయిపోతుంది. బఫర్ కలిపే ముందు కండక్టివిటీ మీటరు చూడండి. గరిష్ఠ స్టాండర్డ్‌లో (తెలిసిన అత్యధిక మోతాదు వేసిన గుంటలో) కూడా రంగు లేకపోతే బఫర్‌లో సోడియం అజైడ్ ఉందేమో వెతకండి. అది రంగు పుట్టించే హెచ్‌ఆర్‌పీ ఎంజైమును ఆపేస్తుంది. అంచు గుంటలు మాత్రమే ముదురుగా ఉంటే, ఫ్రిజ్‌లోంచి తీసిన ప్లేటును నేరుగా వేడి గదిలో వాడారన్నమాట.

ఐస్ ప్యాక్ కరిగి పార్సిల్ వచ్చింది

బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో ఎండాకాలంలో వచ్చే యాంటీబాడీ పార్సిల్‌కు ఇది మామూలే. సీసా పారేయకండి. ఐజీజీ కొద్ది గంటల వేడిని సాధారణంగా తట్టుకుంటుంది. దాన్ని ఎక్కువగా పాడుచేసేది మళ్లీ మళ్లీ గడ్డకట్టి కరగడమే. లాట్ (తయారీ విడత) సంఖ్య రాసుకుని, పాత లాట్‌తో పక్కపక్కన డాట్ బ్లాట్ (నమూనాను మెంబ్రేన్ మీద చుక్కగా వేసి చూసే పరీక్ష) చేసి పోల్చండి. హెచ్‌ఆర్‌పీ జతచేసినదైతే ఫ్రీజర్‌లో పెట్టనే వద్దు, 4 డిగ్రీలు చాలు.

విలువ వచ్చింది, ఇంటివాళ్లు అడుగుతున్నారు

"మా నాయనకు ఆ జబ్బు ఉన్నట్టా, లేనట్టా?" అని అడుగుతారు. అడగడం వారి హక్కు. కానీ మన సీసాల మీద పరిశోధనకు మాత్రమే అని రాసి ఉంటుంది, ఆ సంఖ్యతో రోగనిర్ధారణ చేయకూడదు. అమెరికాలో 2025 మేలో అనుమతి పొందిన పి-టౌ 217, ఏ-బీటా 42 నిష్పత్తి రక్తపరీక్షను కూడా లక్షణాలు ఉన్న పెద్దవారికే ఉద్దేశించారు. వారిని న్యూరాలజిస్టు దగ్గరికి పంపండి. బీ12 లోపం, థైరాయిడ్ సమస్య, మానసిక కుంగుబాటు వల్ల కూడా మతిమరుపు వస్తుంది, వాటికి చికిత్స ఉంది. బీ12, థైరాయిడ్ పరీక్షలు మన ఊళ్లలోనే జరుగుతాయి, వాటిని ముందు చేయించమని చెప్పండి.